‘ద’కి కొమ్మిస్తే దుమ్ము

“నా పెనిమిటి బీడీ ముట్టడు, ఆయమ్మా.”

“ముట్టకపోతే కాగితమ్మీదకి ఎలాగొచ్చింది? రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చిందేటి?”

“అదే నానూ అడుగుతన్నాను. ఎవులు రాసారు?”

“డాక్టరుగారు రాసారు. పెద్ద సదువు సదువుకున్నోరు. నీ మొగుడు తాగని బీడీని తాగినట్టు రాయడానికి ఆయనకేటి, నీ మొగుడితో గట్టు తగువుందా?”

“డాక్టరుబాబుకి మావోడి బాస తెల్దు. ఆడు సెప్పింది హిందీలోకి తిప్పింది నువ్వు.”

“ఆడు సెప్పిందే నాను సెప్పినాను. మొగోళ్ళు పెళ్ళాల ఎదర తాగరే పిచ్చిదానా, గోడౌను ఎనకాల తాగుతారు. ఇన్నేళ్ళుగా సూస్తన్నాను, నాకు సెప్పకు.”

“మా ఇంట్లో అగ్గిపెట్టి పొయ్యికాడే ఉంటాది. పుల్లలు లెక్కెట్టి వోడతాను. ఒక్క పుల్ల తగ్గినా నాకు తెలుస్తాది. తగ్గలేదు.”

అగ్గిపుల్లల మాట దగ్గర నా నోరాగింది. మా ఇంట్లోనూ అగ్గిపుల్లలు లెక్కే. లెక్కపెట్టే ఆడదాని మాట ఇంకో లెక్కపెట్టే ఆడదానికే తెలుస్తుంది. డాక్టరుగారికి తెలియదు, ఆయనింట్లో గ్యాసు లైటరు.

ఆమె పేరు సిమ్మాచలం. బల్ల మీద కూర్చుని, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్న మనిషి ఆమె భర్త సూరి. జాముల్ వైపు ఒక కాంట్రాక్టరు గోడౌనులో కూలి. ఆ కాంట్రాక్టరు తన కూలీలందరి ముందూ ఒక మాట చెప్పి ఉన్నాడు: పని వల్ల జబ్బు చేస్తే మందులు నావి, గేటు దగ్గర కూర్చునే పని ఇస్తాను, సొంత అలవాటు వల్ల జబ్బు చేస్తే నీ దారి నీది. ఏది దేనివల్ల వచ్చిందో మా క్లినిక్కు కాగితం చెప్పాలి. ఆ కాగితం కోసం మర్నాడు పొద్దున్న కాంట్రాక్టరు లెక్కలు చూసే మున్షీ వస్తాడు. కాగితమ్మీద ‘బీడీ’ అని ఉంది.

ఆ తగువు ఎటు తేలిందో చెప్తాను. ముందు నేను చేసిన ఉద్యోగం ఏటో చెప్పాలి, లేకపోతే తప్పు ఎవరిదో మీకు అర్థం కాదు.

నాలుక్కి జీతం లేదు

నేను మూడో తరగతి చదివాను. శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి బడిలో గుణింతాలు పూర్తి కాగానే నాకు చదువు పూర్తయిందని మా నాన్న నిర్ణయించాడు. పెళ్ళయి భిలాయి వచ్చాను. మా ఆయన రైల్వేలో గ్యాంగుమన్ను. ఆయన పోయాక, జాముల్ రోడ్డు మీద రెండంతస్తుల క్లినిక్కులో ఆయాగా చేరాను. రెండేళ్ళ క్రితం మానేశాను. మధ్యలో ప్రమోషన్లేవీ లేవు. ఆయాకి ప్రమోషన్ ఇస్తే ముసలి ఆయా అవుతుంది, అది వాళ్ళివ్వక్కర్లేదు.

ఉద్యోగం అంటే నేల తుడవడం, పేర్లు పిలవడం, మంచాన ఉన్నవాళ్ళ కింద గిన్నె పెట్టడం. ఇది జీతానికి. జీతం లేని పని ఇంకోటి ఉంది. మా డాక్టరుగారు రాయ్‌పూర్ మనిషి, తెలుగు రాదు. గోడౌనుల్లోకి, లోడింగుల్లోకి మనవైపునుంచి కొత్తగా వచ్చే జనానికి హిందీ రాదు. ఇద్దరి మధ్యా నేను. వాళ్ళు నాకు చెప్తారు, నేను ఆయనకి చెప్తాను, ఆయన రాస్తారు. ఆయన రాసింది చట్టం. మధ్యలో నాలుక మాత్రం మూడో తరగతి నాలుక.

మా మనవరాలు ఈ ఏడు నర్సు ట్రైనింగులో చేరింది. ఇది రాస్తున్నది దానికోసమే. దానికి తెలుగు మాట్లాడ్డం సగం వచ్చు, చదవడం అసలు రాదు. ఇక్కడ పుట్టిన పిల్ల, హిందీలోనే తిడుతుంది, హిందీలోనే ఏడుస్తుంది. కాబట్టి ఈ పనిలోకి వచ్చే తెలుగు పిల్లలెవరైనా ఇది చదివి దానికి వినిపించండి. మీకూ రెండు మాటలు చెవిన పడతాయి.

గాలి ఉచితం, పీల్చడానికే ఖర్చు

ఏ ఫ్యాక్టరీ దుమ్ము అని నన్నడగొద్దు. దుమ్ము పేరు బోర్డు తగిలించుకుని రాదు. లారీలది కొంత, రోడ్డుది కొంత, బొగ్గు సిగిడీ పొయ్యిలది కొంత, గోడౌనులది కొంత. అన్నీ కలిసి వస్తాయి, మన భిలాయిలో అన్ని రాష్ట్రాల వాళ్ళూ కలిసి ఉన్నట్టే. ఐకమత్యానికి దానికి మించిన ఉదాహరణ నేను చూడలేదు.

గోడౌను వెనక బస్తీలో రేకుల ఇళ్ళుంటాయి. రాత్రి పడిన సిమెంటు దుమ్ము తెల్లారి మంచుకి తడిసి, ఎండకి గట్టిపడుతుంది. ఏడాది తిరిగేసరికి రేకు మీద పెంకు కడుతుంది. పైసా ఖర్చు లేకుండా స్లాబు పోసినట్టే. ఇంటి పైనే అలా ఉంటే గుండెల్లో ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి. నాకు డాక్టరు చదువు లేదు, కానీ ఇల్లు తుడిచే చదువుంది. పొద్దున్న తుడిచిన బల్లని మధ్యాహ్నం తుడిస్తే గుడ్డ ఎంత నల్లగా వచ్చేదో, ఆ వారం రోగుల లైనెంత పొడుగుండేదో, రెండూ కలిసి పెరిగేవి. ఈ సంగతి కనిపెట్టడానికి పెద్ద మిషన్లేవో పెడతారట. నాకొక తడిగుడ్డ చాలింది.

దీపావళి దాటిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా ఉండే రోజుల్ని మా కాంపౌండరు ‘సీజన్’ అనేవాడు, మామిడిపళ్ళ వ్యాపారి అన్నట్టు. పొగ కిందకి దిగి కూర్చుంటుంది, దగ్గులు పైకి లేస్తాయి. ఆవిరి మిషను ముందు తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వరస కట్టేవారు. కింద మందుల షాపతను ఆ నాలుగు నెలలూ అందరితో మర్యాదగా మాట్లాడేవాడు.

డబ్బున్నవాళ్ళుండే స్మృతి నగర్ నుంచి కూడా వచ్చేవారు. ఒకావిడ ఇంట్లో గాలి శుభ్రం చేసే పెట్టె కొన్నాననీ, కిటికీలు మూసేశాననీ, అయినా ముక్కు కారుతోందనీ చెప్పింది. ఇంట్లో దుమ్ము ఎవరు దులుపుతారని అడిగాను. పనిమనిషి, అంది. ఆ పనిమనిషి అప్పుడు కింద వరసలో కూర్చుని ఉంది, దగ్గుతూ. డబ్బున్నవాళ్ళకి దుమ్ము తగ్గదమ్మా, చేతులు మారుతుంది.

లేనివాళ్ళ ఇంట్లో రోగమొస్తే ముందు పాలు మానేస్తారు. తరవాత పిల్ల ట్యూషను. తరవాత మందు. మందు మానేసిన పది రోజులకి మా పై అంతస్తులో మంచమెక్కుతారు. అప్పుడు అన్నింటికన్నా ఎక్కువ ఖర్చు. ఈ వరస మారగా నేను చూడలేదు. ఒకసారి ఎవరో వచ్చి బ్యానరు కట్టి, పొగ గురించీ చెట్ల గురించీ ఉపన్యాసం చెప్పి, ఇంటికొక మాస్కు పంచి వెళ్ళారు. ఇంటికొకటి! ఎవరు బయటకెళ్తే వాళ్ళు తగిలించుకునేవారు, గొడుగులాగ.

పొదుపు ఎక్కడ చెయ్యకూడదు

నా తప్పు కూడా చెప్తాను. నేను చెప్పకపోయినా చెప్పేవాళ్ళున్నారు.

నేను పొదుపు మనిషిని. సబ్బుముక్కలు కలిపి ముద్ద చేస్తాను. కొన్నేళ్ళ కిందట లచ్చమ్మ అనే పెద్దావిడకి డాక్టరుగారు నోట్లోకి పీల్చే పంపు రాశారు, పూటకి రెండు పీల్పులు. ఆవిడ ధర విని నా వైపు చూసింది. “ఒకటి పీల్చి సూడప్పా. సాలితే రెండోది ఎందుకు?” అన్నాను. ఒకటి చాలినట్టే ఉంది మరి, ఒక పదిహేను రోజులు. తరవాత ఆవిణ్ణి ఇద్దరు మోసుకొచ్చారు, పెదాలు నేరేడుపండు రంగులో. మూడు రోజులు ఆక్సిజను. ఆ ఖర్చుతో అలాంటి పంపులు సంచీడు వచ్చేవి.

ఆవిడ బతికింది. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పొదుపు నూనె దగ్గర చెయ్యండి, ఉల్లిపాయల దగ్గర చెయ్యండి. డాక్టరు రాసిన పీల్పు దగ్గర మాత్రం మీ తెలివి చూపించొద్దు. ఈ తప్పుతో నాకు బుద్ధొచ్చిందనుకున్నాను. బుద్ధి అంత తొందరగా వస్తే ఇంక తరవాత కథే లేదు.

గడి

నేను చేరినప్పుడు క్లినిక్కులో ఒక డాక్టరమ్మ ఉండేవారు. ముసలావిడ, ముక్కోపి. రోగి కూర్చోగానే మూడు ప్రశ్నలు: ఇంట్లో పొయ్యేమిటి, నేల ఏమిటి, పని ఏమిటి. జబ్బేమిటన్నది నాలుగో ప్రశ్న. ఆవిడ దగ్గర వరస కదిలేది కాదు. యజమానులకి అది నచ్చలేదు. ఆవిడ వెళ్ళిపోయారు, ఆ మూడు ప్రశ్నలూ సంచీలో పెట్టుకుని.

తరవాత వచ్చిన డాక్టరుగారు చెడ్డమనిషి కాదు. లంచం ముట్టరు, అక్కర్లేని టెస్టు రాయరు. ఒకటే తొందర. ఇంకోటి, రాసింది కొట్టెయ్యరు. “లిఖ్ దియా తో లిఖ్ దియా” అనేవారు. రాసింది రాసినట్టే. ఆయన కాలంలో అచ్చు వేయించిన చీటీ వచ్చింది, దాన్ని పర్చీ అంటారు. అందులో పేరుకి గడి, వయసుకి గడి, బరువుకి గడి, ‘ఆదత్’ అని అలవాటుకి ఒక గడి. చేసే పనికి గడి లేదు. పదిగంటలు సిమెంటులో నిలబడేవాడికి పని గురించి రాయడానికి చోటు లేదు గానీ, ఒక బీడీ తాగితే దానికి మాత్రం సొంత గడి ఉంది! ఆ పర్చీ ఎవరు తయారు చేశారో, ఎప్పుడూ బస్తా ఎత్తి ఉండరు.

సూరి మొదటిసారి వచ్చింది సిమ్మాచలం తగువుకి వారం ముందు. ఒంటరిగా వచ్చాడు. పక్కన ఆవిరి మిషను బర్రుమంటోంది. డాక్టరుగారు “ఆదత్?” అన్నారు. నేను “అలవాట్లేటి నాయనా?” అన్నాను. ఆయాసం మధ్యలో ఏదో అన్నాడు. నాకు వినపడింది ఇది: “రోజూ దమ్ము కొడతానమ్మా.”

“రోజుకెన్ని?”

“నూరు... నూట యాబై అవుద్ది.”

నూట యాభై! ఎచ్చులకి పోతున్నాడనుకున్నాను. మగవాళ్ళు తాగింది కూడా గొప్పగానే చెప్పుకుంటారు. నాకేమో తగ్గించడం అలవాటు, వంకాయల దగ్గరైనా సరే. “బీడీ పీతా హై సాబ్, రోజ్ తీస్-చాలీస్” అన్నాను. ముప్పై నలభైకి దింపి, ఆ మనిషికి మేలు చేశాననుకున్నాను. డాక్టరుగారు తలూపి గడి నింపేశారు. ఆ మనిషి మాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. తనకి ఏం రాసిచ్చామో తెలియక.

బల్ల మీద

ఇప్పుడు తగువు దగ్గరికి వద్దాం. అగ్గిపుల్లల మాటకి నోరాగిన నేను, తుడుపుగుడ్డ పక్కన పెట్టి సూరి పక్కన కూర్చున్నాను. సిమ్మాచలం నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“నిజం సెప్పు నాయనా. నీ పెళ్ళానికి నాను సర్దిసెప్తాను. ఏ బీడీ తాగుతావు?”

“నాను బీడీ తాగనమ్మా.”

“మరా రోజు నాతో దమ్ము కొడతానన్నావు?”

“దమ్ము కాదమ్మా... దుమ్ము.” ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు. “బస్తాల దుమ్ము. కాళీ సిమెంటు బస్తాలొస్తాయి. తిరగేసి, కర్రతో కొడతాం... మిగిలింది రాలుద్ది. అది ఏరేగా అమ్ముతారు.” కుడిచెయ్యి ఎత్తి గాలిలో కొట్టి చూపించాడు. ఒక్క దెబ్బకే దగ్గొచ్చింది.

“నూట యాబై?”

“బస్తాలు.”

సిమ్మాచలం నడుం మీంచి చేతులు దింపింది. నన్నే చూస్తోంది. నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. మా మేష్టారు బెత్తం పట్టుకుని పాడించేవారు: ద, ద కి దీర్ఘమిస్తే దా, ద కి కొమ్మిస్తే దు. నా చదువు మొత్తం అదే. ఉన్న కాస్త చదువులో, సరిగ్గా ఆ కొమ్ము దగ్గరే పడ్డాను. ద కి కొమ్మిస్తే దుమ్ము, కాంట్రాక్టరు ఖర్చు. కొమ్ము తీసేస్తే దమ్ము, సూరి ఖర్చు.

రోజుకి నూట యాభై బీడీలు తాగాలంటే మనిషికి అన్నం తినడానికీ టైముండదు. ఆ సంగతి నాకు తోచలేదు సరే, అంత చదివిన ఆయనకీ నలభై దగ్గర అనుమానం రాలేదు. కూలివాడి గురించి బీడీ అంటే ఎవరూ రెండోసారి అడగరు. అందులో నేనూ ఉన్నాను.

“అయితే ఇప్పుడేటి సేత్తావు, ఆయమ్మా?” అంది సిమ్మాచలం. అరవలేదు. అరిచినప్పుడే నయం.

“ఏటి సేత్తాను! నా నోరు నానే కడుక్కుంటాను” అన్నాను.

డాక్టరుగారి గదిలో

ఆఖరి రోగి వెళ్ళాక లోపలికెళ్ళాను. ఆయన చేతులు కడుక్కుంటున్నారు. జరిగింది హిందీలో చెప్పాను. దమ్ము అంటే ఇది, దుమ్ము అంటే ఇది, నేను విన్నది తప్పు, నూట యాభైని నలభై చేసింది కూడా నేనే. దాచలేదు.

ఆయన చేతులు తుడుచుకోవడం ఆపారు. కోప్పడతారనుకున్నాను. లెక్క వేసుకుంటున్నట్టు పైకి చూసి, “ఆయాజీ, మరి ఇన్నేళ్ళలో మీరు ఇంకెంతమందికి బీడీ తాగించారు?” అన్నారు.

ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ గోడౌనుల నుంచి ఎందరొచ్చారో, వాళ్ళలో దమ్ము ఎందరు కొట్టారో, దుమ్ము ఎందరు కొట్టారో. పాత రిజిస్టర్లు పై అరలో ఉండేవి. వాటి మీదా దుమ్మే. ఆయనా దింపలేదు, నేనూ దింపలేదు. దింపితే చెయ్యాల్సిన పని ఎంతో ఇద్దరికీ తెలుసు. ఇది గొప్పగా చెప్పడం లేదు.

“మీకు అనుమానం రాలేదా సాబ్, నలభై బీడీలంటే?” అని అడిగేశాను. అడగకూడదు గానీ, మానేసే ముందు ఏడు, భయమెందుకు.

“మీరు చెప్పారు కదా” అన్నారు.

“ఛాతీ మీద గొట్టం పెట్టింది మీరు కదా.”

ఆయన తువ్వాలు కొక్కేనికి తగిలించారు. ఆ తరవాత ఆయన చెప్పింది ఇది: రాసింది నేను కొట్టెయ్యను. కొట్టేస్తే మున్షీ, కూలివాడు ఏడిస్తే డాక్టరు మార్చేశాడంటాడు, ఇంక నా కాగితానికి విలువుండదు. రేపు మున్షీ ఎదురుగా, ఆ మనిషే తన నోటితో, హిందీలో చెప్పాలి. మధ్యలో మీరు వద్దు. ఆయన భార్యా వద్దు. అప్పుడు రాస్తాను.

మధ్యలో నేను వద్దు! జీతం లేని ఆ పనిలోంచి నన్ను తీసేసిన రోజది. న్యాయమే. ఒప్పుకోడానికి మాత్రం టీ తాగేంత సేపు పట్టింది.

బయటికొచ్చి సూరికి పాఠం చెప్పాను. “బోరా ఝాడ్తా హూఁ. బీడీ నహీఁ పీతా.” బోరా అంటే బస్తా, ఝాడ్నా అంటే దులపడం, నహీఁ పీతా అంటే తాగను. పనిచేసే గ్యాంగంతా మనవాళ్ళే, మేస్త్రీ కూడా మనవాడే, అందుకే రెండేళ్ళయినా సూరికి హిందీ అంటలేదు. సిమ్మాచలం రెండోసారికే నేర్చేసుకుంది.

“మావా, గట్టిగా అను. మున్షీకి సెముడు. మన మాటలకి మట్టుకే.”

“బోరా... ఝాడ్తా...”

“హూఁ అనాల. ముక్కుతో.”

“ముక్కు పన్జేస్తే ఇక్కడికెందుకొస్తానే” అన్నాడు సూరి. ముగ్గురం నవ్వాం. నవ్వినందుకు అతనికి మళ్ళీ ఆవిరి పెట్టాల్సి వచ్చింది.

చిక్కు ఒకటే. ఆ రెండు ముక్కలూ ఒక్క ఊపిరిలో అతనికి రావడం లేదు. మూడు మాటలకో, నాలుగు మాటలకో తెగుతోంది. ఎక్కడ తెగుతుందో అతని చేతిలో లేదు.

మర్నాడు పొద్దున్న

తొమ్మిదింటికి మున్షీ స్కూటరు మీద వచ్చాడు. వచ్చి, కూర్చోబోయే కుర్చీని జేబురుమాలుతో తుడుచుకున్నాడు. దుమ్మంటే ఎంత జాగ్రత్తో! నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. సిమ్మాచలం నా పక్కన. మాట్లాడకూడదని ఇద్దరికీ ఆజ్ఞ.

డాక్టరుగారు సూరిని అడిగారు, ఏం చేస్తావు, ఏం అలవాటు, నువ్వే చెప్పు అని.

“బోరా...” అన్నాడు. ఊపిరి. “ఝాడ్తా హూఁ.” ఊపిరి. “బీడీ...”

అక్కడ తెగింది.

నోరు తెరిచి ఉంది, గాలి లోపలికి వెళ్ళడం లేదు. మెడ నరాలు లేచాయి. మున్షీ రెండు చేతులూ చాపి, “లో సాబ్. ఖుద్ హీ బోల్ దియా. బీడీ” అన్నాడు. తనే ఒప్పుకున్నాడట!

సిమ్మాచలం ముందుకి ఒక అడుగు వేసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నాకూ నోరు దురదగానే ఉంది, కానీ ఆ నోరే కదా ఇంతదాకా తెచ్చింది. డాక్టరుగారు మున్షీని చూడలేదు, సూరిని చూస్తున్నారు. ఎప్పుడూ తొందరపడే మనిషి పెన్ను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. బయట వరసలో ఎవరో సణిగారు. ఆయన కదల్లేదు.

“నహీఁ” అన్నాడు సూరి. మళ్ళీ ఊపిరి తీసుకుని, “పీతా.”

డాక్టరుగారు పెన్ను తీసి ‘బీడీ’ కొట్టేశారు. ఆయన రాసిందాన్ని ఆయనే కొట్టెయ్యడం నేను చూడ్డం అదే మొదలు. గడిలో చోటు లేదు, అందుకని పక్కన అంచు మీద ‘సిమెంట్ కీ ధూల్, కామ్ సే’ అని రాసి, కింద సంతకం పెట్టారు. సిమెంటు దుమ్ము, పని వల్ల. మున్షీ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మందుల చీటీ కూడా తీసుకున్నాడు. “ఈరోజు నుంచి గేటు దగ్గర కూర్చో” అన్నాడు సూరితో, తన ఇంట్లో కుర్చీ ఇస్తున్నట్టు. ఆ గేటుకీ బస్తాలు కొట్టే చోటుకీ మధ్య ఉన్నది తడిక. అయినా గేటు గేటే. కర్ర చేతిలో ఉండదు.

వెళ్ళబోతుంటే కౌంటరు దగ్గర అబ్బాయి ఆపాడు. కాగితం మారింది కాబట్టి కొత్త పర్చీ కిందే లెక్క, ఫీజు కట్టాలట. తప్పు రాసినందుకు ఒక ఫీజు, దిద్దినందుకు ఇంకో ఫీజు. మున్షీ స్కూటరు అప్పటికే స్టార్టయింది. సిమ్మాచలం కొంగు ముడి విప్పబోయింది.

“ఉండు” అన్నాను. నా ముడి నేనే విప్పాను. అది చాలా గట్టి ముడి, ఇరవై ఏళ్ళుగా ఎవరికోసమూ విప్పింది కాదు. పళ్ళతో లాగాల్సి వచ్చింది.

“అప్పా, నీకెందుకు?” అంది, సొంత అక్కని పిలిచినట్టు.

“ఇనపడనందుకు” అన్నాను.

వాళ్ళు వెళ్ళారు. నేను బల్ల తుడుస్తుంటే డాక్టరుగారు లోపల్నుంచి మళ్ళీ నన్నే పిలిచారు, “ఆయాజీ, ఆయియే.” తరవాతి మనిషి లోడింగు కూలి, విజయనగరం వైపు వాడు. డాక్టరుగారు పర్చీ అంచు మీద అప్పటికే ఒక గీత గీసి, తన చేత్తో ‘కామ్’ అని రాసుకుని ఉన్నారు. అడగమన్నట్టు నా వైపు చూశారు.

“పనేటి నాయనా? అలవాటేటి?”

“దుమ్ము కొడతానమ్మా.”

“నోటితోనా, సేత్తోనా?”

అతను చెయ్యి ఎత్తి చూపించాడు.